చిన్నాయన రొట్టె

చిన్నమ్మ తిండి మానేసిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ముందు పెద్దగా కంగారు పడలేదు. కడుపులో పుండు ముదిరిపోయింది, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి అడిగింది పెట్టండి అని పట్నం దవాఖానలో చెప్పి అప్పటికే కొన్ని నెలలైంది. అటువంటి మనిషి తినకపోతే వింతేముంది అనుకున్నాను. కానీ తమ్ముడు ఫోన్లో నసుగుతున్నాడు. వాడు నసిగాడంటే ఏదో ఒకటి చేసి వచ్చాడని, వాడు నిక్కర్లు తొడిగే రోజుల నుంచీ నాకు తెలుసు.

"ఏం జేసినవ్ రా?" అన్నాను.

"మంచికే జేసిన అక్కా. కొత్త పార్కుల అమర జవాన్ల రాయి నిలబెట్టిన్రు గద. మన చిన్నాయిన పేరు గూడ ఎక్కియ్యాలని తిరిగి తిరిగి ఎక్కిపిచ్చిన. మన ఇంటికి ఇజ్జత్ గద అని ఫోన్ల ఫోటో దీసి చిన్నమ్మకు సూపిచ్చిన. గప్పటి సంది నోట్లె మెతుకు పెడ్తలేదు."

నాకు వాడి మీద ఎంత కోపం వచ్చిందంటే ఫోన్ పెట్టేసి, మళ్లీ చేసి, తిట్టి పెట్టేశాను. తెల్లవారి బస్సెక్కి జహీరాబాద్ వచ్చాను.

చిన్నాయన అంటే మా బాపుకు తమ్ముడు, విఠల్. ఫౌజులో సిపాయి. నేను మూడో తరగతి చదువుతున్న ఏడు పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధానికి వెళ్లిన చిన్నాయన తిరిగి రాలేదు. ఆయనా రాలేదు, ఆయన శవమూ రాలేదు. ఆచూకీ లేదని ముందు కబురు చేశారు. ఏళ్లు గడిచాక, ఇక చనిపోయినట్టే అనుకోండి అన్నారు. లోకమంతా అలాగే అనుకుంది. మా ఇల్లు అనుకోలేదు. యుద్ధం నాటికి పద్దెనిమిదేళ్లయినా నిండని మా చిన్నమ్మ చంద్రమ్మ, పెళ్లయ్యాక ఒకే ఒక్క సెలవు మొగుడితో గడిపిన చంద్రమ్మ, ఈ డెబ్భై దాటిన వయసు దాకా నుదుట బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, మెడలో నల్లపూసలు, కాళ్లకు మెట్టెలు తియ్యలేదు.

తమ్ముడి ఇల్లు పెద్ద రోడ్డుకు దగ్గర్లోనే. వెనక గదిలో మంచం మీద చిన్నమ్మ ఇంతే ఉంది, పరుపులో ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత. బొట్టు మాత్రం ఎప్పటిలాగే పావలా కాసంత పెట్టుకుంది. చూపు ఆనలేదేమో, కొంచెం పక్కకు జరిగింది. నన్ను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"రాయి మీదికెల్లి ఆయిన పేరు తీపిస్తవా బిడ్డా?"

"చెక్కిన పేరు ఎట్ల తీస్తరు చిన్నమ్మా?"

"చెక్కిన్రు గద, చెరపరాదా?"

నేను ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని చూశాను. ఫౌజు పెద్దలు, ఊరు, కాలం అన్నీ కలిపి ఏదో మాట్లాడాను. చివరికి నోరు జారి అనేశాను: "ఇన్నేండ్లకు ఇంక యాడుంటడు చిన్నమ్మా?"

"యాడున్నడో నాకేం తెలుసు," అంది. "లేడని నీకెట్ల తెలుసు?"

తర్వాత అసలు మాట చెప్పింది. ఆమె భయం చావు గురించి కాదు. "నన్నెట్ల పంపిస్తరు? బొట్టు పెట్టి, గాజులేసి, ఒడి నింపి పంపిస్తరా? లేకపోతే రాయి మీద పేరున్నది, మొగడు సచ్చినదని అన్నీ ఊడదీసి పంపిస్తరా? గట్ల పంపితే ఇన్నేండ్లు నేను మోసినదంత ఏం గావాలె బిడ్డా?"

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తూ, "రేపటి రోజు మనోళ్లు, పెద్దమనుషులు వస్తరు అక్కా," అన్నాడు. "రాయి మీద పేరెక్కించినోన్ని నేనే. అందరి ముంగట నేనే పూలదండ ఏసిన. మళ్ల నేనే ఆమెకు బొట్టు పెట్టి పంపిస్తే నన్నేమంటరు?" వాడి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

ఆ రాత్రంతా నాకు మా ఊరి ఇల్లే కళ్ల ముందు మెదిలింది. న్యాల్‌కల్ వైపు, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది మా ఊరు. నల్లరేగడి. వాన పడితే కాళ్లకు చెప్పులు వేసుకున్నట్టు మట్టి పట్టుకునేది. మా అవ్వ, అంటే బాపు తల్లి, బీదర్ వైపు పిల్ల. కోపం వస్తే కన్నడంలో తిట్టేది, కోపం రాని పొద్దు ఉండేది కాదు కాబట్టి మాకు కన్నడం ముందు తిట్లతోనే వచ్చింది. కోడి కూయక ముందే లేచి పొయ్యి రాజేసేది. నీళ్లు మసిలే చప్పుడు, జొన్నపిండి మీద ఆ నీళ్లు పడ్డప్పుడు లేచే తియ్యటి పచ్చి వాసన, తర్వాత ఆమె అరచేతుల కింద రొట్టె సాగుతున్న టపటప చప్పుడు, ఇవే మమ్మల్ని నిద్ర లేపేవి. ఎల్లిపాయ కారంలో కుసుమ నూనె పోసుకుని, వేడి రొట్టె ముక్కతో అద్దుకుని తినేవాళ్లం. ఈ వేళ నా కూతురు ఆ నూనె వాసన చూస్తే ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం ఏ దుకాణం ముందు ఆ వాసన వచ్చినా కాళ్లు ఆగిపోతాయి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వేరే ఇళ్లలో ఉందో లేదో నాకు తెలియదు. ఇంటి మనిషి ఊరికి పోతే, పెనం మీదినుంచి దిగిన మొదటి రొట్టె వాళ్లది. దాన్ని గుడ్డలో చుట్టి ఉట్టి మీద పెట్టేవాళ్లు. పొద్దు గూకేలోగా ఆ మనిషి వస్తే తినేవాడు. రాకపోతే ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు తినాలి. కుక్కకు వెయ్యకూడదు, గొడ్డుకు పెట్టకూడదు, తెల్లారేదాకా ఉంచకూడదు. వాళ్ల రొట్టె ఇక్కడ మనం తింటే, వాళ్లకు అక్కడ ఆకలి కాదని అవ్వ చెప్పేది. బాపు రెండు రోజులకని బండి కట్టుకుని జహీరాబాద్ అంగడికి వెళ్లినా బాపు రొట్టె నాదే. అప్పటికి ఇంట్లో చిన్నదాన్ని నేనే.

చిన్నాయన ఫౌజుకు పోయాక ఆ మొదటి రొట్టె ఏడాది పొడుగునా ఆయనదే అయింది. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని, "నా రొట్టెలు దిని ఎంత బరువైనవే!" అని ఆటపట్టించేవాడు. ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే బూట్ల పాలిష్, డాంబరు గోళీల వాసన గుప్పుమనేది. పెళ్లయ్యాక వచ్చిన ఆ ఒక్క సెలవులో చిన్నమ్మ ఆ పెట్టె దగ్గరే కూర్చునేది. కొత్త కోడలు, అందరి ముందు మొగుడితో మాట్లాడడానికి సిగ్గు. ఆయన బట్టలు తీసి మళ్లీ మడత పెట్టి, మడత పెట్టినవి మళ్లీ తీసేది. ఆమెకు ఆయన ముఖం కన్నా ఆయన బట్టల మడతలే ఎక్కువ తెలుసేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆచూకీ లేదన్న కబురు వచ్చిన రోజు నుంచి బాపు రేడియో పెట్టడం మానేశాడు. చుట్టాలు వచ్చారు. వాకిట్లో గోనె సంచుల మీద కూర్చుని, ఇక దినాలు చేసెయ్యడం మంచిదని, పిల్ల చిన్నది, ఆమె దారి ఆమెకు చూపించాలని మాట్లాడుకున్నారు. చిన్నమ్మను గాజుల కోసం పిలవడానికి ఒక ముసలమ్మ లేచింది. అవ్వ పిండి చేతులతో వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది. "నా కొడుకు శవం సూపియ్యిన్రి. అప్పుడు పగలగొట్టున్రి గాజులు. సూపియ్యకుంట ఎవలన్న ముడితే చెయ్యి ఇరగ్గొడ్త," అంది. ఎవరూ ముట్టలేదు. తెల్లవారి అవ్వ మొదటి రొట్టె ఎప్పటిలాగే ఉట్టి మీద పెట్టింది. పొద్దు గూకాక నేను తిన్నాను. తర్వాత తమ్ముడు పుట్టాడు, వాడికి పళ్లు వచ్చాయి. పద్ధతి ప్రకారం ఆ రొట్టె వాడికి పోవాలి. అవ్వ ఒప్పుకోలేదు. "ఈని మొకం నా కొడుకు సూడలే. దీన్ని ఎత్తుకున్నడు. దీని నోటికెల్లి పోతేనే వానికి అందుతది," అంది. అలా ఆ రొట్టె నాకు ఖాయమైపోయింది.

ఇప్పుడు పెత్రమాస గురించి చెప్పాలి. బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్య అది. పొద్దున చనిపోయిన పెద్దలకు పెట్టుకుంటారు, సాయంత్రం ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. మా ఇంట్లో దక్షిణం గోడ వారగా పెద్దల పేర్లు చెప్పి విస్తళ్లు వేసేవాళ్లు. తాతకు ఒకటి, తాత తల్లిదండ్రులకు ఒక్కొక్కటి. పూర్ణం పెట్టిన పోలెలు, గారెలు, పప్పు వడ్డించి, దండం పెట్టి, ఆ విస్తళ్లు ఎత్తి పెంకుల మీద కాకులకు పెట్టేవాళ్లు. వాటిలోది మనుషులు తినరు. చిన్నాయన విస్తరిని అవ్వ ఏటా ఎదుటి వరసలో, మా అందరి విస్తళ్ల పక్కన వేసేది. అది నేను తినేదాన్ని.

ఒక ఏడు బాపు తెల్లవారుజామునే స్నానం చేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా, ఆ విస్తరిని తీసి గోడ వారగా తాత విస్తరి పక్కన పెట్టాడు. బాపు చెడ్డవాడు కాదు. రోజూ తమ్ముడి రొట్టె ఉట్టి మీద చూసి చూసి విసిగిపోయిన మనిషి. తమ్ముడి కోసం ఒక్కసారైనా నోరారా ఏడవాలని ఉన్న మనిషి. అవ్వ వంటింట్లోంచి వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వంగి, వడ్డించిన విస్తరిని రెండు చేతులతో అలాగే ఎత్తి, తెచ్చి నా ముందు పెట్టింది. "తిను," అంది.

గోడ వారన పెట్టిన అన్నం అది. చచ్చినవాళ్ల అన్నం. తింటే ఏమవుతుందో నాకు తెలియదు, కానీ తినకూడదని మాత్రం తెలుసు. తలెత్తి చూశాను. బాపు కళ్లు తినొద్దంటున్నాయి. అవ్వ కదలకుండా నిలబడింది. తలుపు వెనక చిన్నమ్మ. సాయంత్రం బతుకమ్మకని తంగేడు పూలు చీర కొంగులో తెచ్చుకుంది. ఆమె చూపు అన్నం మీద లేదు, నా నోటి మీద ఉంది. నేను తింటే ఆమె ఆ సాయంత్రం బొట్టుతో బతుకమ్మ ఆడుతుంది. తినకపోతే ఆడదు. ఆ వయసులో నాకు ఇంత వివరంగా తెలియలేదు. తెలిసిందల్లా ఆమె పెదవులు వణుకుతున్నాయని. నేను పోలె విరిచి నోట్లో పెట్టుకున్నాను. బాపు కండువా దులుపుకుని చేనుకు వెళ్లిపోయాడు. సాయంత్రం బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చిన్నమ్మకు చోటు ఇవ్వాలా వద్దా అని వెనకాడుతుంటే, అవ్వ ఆమె రెక్క పట్టుకుని గుంపు మధ్యలోకి తీసుకుపోయి తనే చప్పట్లు మొదలుపెట్టింది. అవ్వకు పాట రాదు. కన్నడంలో ఏదో పాడింది.

నా పెళ్లయ్యాక ఆ రొట్టె ఎవరు తింటున్నారని నేను అడగలేదు. అవ్వ పోయింది. బాపు పోయాడు. ఊరి ఇల్లు కూలింది. తమ్ముడు జహీరాబాద్‌లో ఇల్లు కట్టుకుని చిన్నమ్మను తెచ్చుకున్నాడు. వాడి ఇంట్లో గ్యాస్ పొయ్యి, స్టీలు అల్మారాలు, ఉట్టి వేలాడదీయడానికి వాసం లేదు. జొన్నరొట్టెలు కావాలంటే పెద్ద రోడ్డు మీద ఆడవాళ్లు కాల్చి అమ్ముతారు, కవర్లో వేసుకొస్తారు. అయినా చిన్నమ్మ రోజూ తెల్లవారి లేచి తన చేత్తో ఒక్క రొట్టె చేసేదట, సాయంత్రం తనే తినేదట. మంచం పట్టేదాకా.

తెల్లారగానే చిన్నమ్మ నన్ను లేపింది. "పార్కుకు పోదాం. ముందు రొట్టె చెయ్యి," అంది. రొట్టె చేసి నాకు ఎన్నేళ్లయిందో. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి వంటింట్లోకి తెచ్చాం. అక్కడినుంచి చెప్తూ వచ్చింది: "నీళ్లు జర మసలనియ్యి... గిప్పుడు పొయ్యి... చేతి మడమతోని పిసుకు, వేళ్లతోని గాదు." నా రొట్టె అంచు విరిగింది. పెనం మీద వేసేటప్పుడు మధ్యలో చిరిగింది. తడిగుడ్డతో నీళ్లు అద్దుతుంటే చిన్నమ్మ ఉన్నట్టుండి అంది: "నేను మంచం పట్టిన కాంచి రొట్టె ఆగింది. దుకాణం రొట్టె మనది గాదు గద. నేను ఆపిన. గందుకే ఆయిన రాయి మీదికెక్కిండు." నేను తిరిగి చూడలేదు. రొట్టె మాడుతుందన్న వంకతో పొయ్యి వైపే చూస్తూ నిలబడ్డాను. ఏం చెప్పను? కాదని చెప్పాలంటే ఆయన ఎప్పుడో చనిపోయాడని చెప్పాలి. అవునంటే ఆమె చేతులారా మొగుణ్ణి చంపుకున్నట్టు అవుతుంది. ఇన్నేళ్లు పుస్తకాలు రాసి బతికినదాన్ని, ఆ వేళ రొట్టె తిరగేసి అంచులు ఒత్తుతూ ఉండిపోయాను.

ఆటోలో వెళ్లాం. నేనూ తమ్ముడూ చెరో పక్క పట్టుకుని దింపాం. పార్కు కొత్తది. నడిచేవాళ్ల కోసం ఎర్ర బాట, కసరత్తు చేసే ఇనుప సామాన్లు, ఫోన్లో పాటలు పెట్టుకుని చేతులూపుతూ నడిచే మగవాళ్లు. నడుమ గద్దె మీద నిలువెత్తు నల్లరాయి. దాని ముందు తలకిందులుగా తుపాకి, పైన ఇనుప టోపీ, గద్దె మీదే చుట్టూ మూడు రంగులేసిన కమ్మీలు. ఎవరో వేసిన బంతిపూల దండ వాడిపోయింది. "వీరమరణం పొందినవారు" అని పైన, కింద పేర్లు. తమ్ముడు కమ్మీల సందులోంచి మమ్మల్ని లోపలికి తీసుకుపోయి చూపించాడు. ఆ రాతిని చూస్తుంటే నాకు దక్షిణం గోడ గుర్తొచ్చింది. బాపు ఆ ఏడు చెయ్యలేనిది తమ్ముడు ఇప్పుడు చేశాడు. ఈసారి ఎత్తి ఇవతల పెట్టడానికి అవ్వ లేదు.

చిన్నమ్మకు చూపు సరిగా ఆనదు. నేను ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టాను. సిపాయి విఠల్. ఆమెకు చదువు రాదు. అయినా అక్షరాల లోతుల్లో వేలు పెట్టి మెల్లగా, మొదటి నుంచి చివరి దాకా తడిమింది. "గింతేనా?" అంది. ఇంతే అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఎన్ని ఏళ్ల ఏడుపో, గొంతులో శబ్దం కూడా మిగల్లేదు, భుజాలు మాత్రం ఊగాయి. నడిచేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూసి, ముందుకు కదిలారు. కాపలా మనిషి వచ్చి, "అమ్మకు ఏమైంది సార్, నీళ్లు తేవాల్నా?" అని తమ్ముణ్ణి అడిగాడు. వాడు చెయ్యి అడ్డంగా ఊపి అతన్ని పంపేశాడు.

కొంచెం తేరుకున్నాక చిన్నమ్మ కొంగులోంచి గుడ్డ మూట తీసింది. విప్పి, నేను చేసిన ఆ చిరిగిన రొట్టెను రెండు చేతులతో పట్టుకుని, పేరు కింద గద్దె మీద పెట్టింది. దండం పెట్టింది.

నా గుండె మీది బరువు దిగినట్టయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నాకు సంతోషం కలిగింది. అయిపోయింది అనుకున్నాను. ఒప్పుకుంది, పెద్దలకు పెట్టినట్టు పెట్టేసింది, ఇక ఈ నరకం లేదు, ఆమెకూ లేదు నాకూ లేదు అనుకున్నాను. తమ్ముడు కూడా గట్టిగా ఊపిరి వదిలి, కళ్లు తుడుచుకుని, చెప్పులు విప్పి దండం పెట్టాడు. ఆటో పిలుద్దామని కమ్మీ ఇవతలికి వచ్చాను.

"యాడికి పోతున్నవ్?" అంది చిన్నమ్మ.

తిరిగి చూస్తే రొట్టె మళ్లీ ఆమె చేతుల్లో ఉంది. నిలబడలేక రాతికి ఆనుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ కమ్మీ ఇవతలికి వచ్చింది. వచ్చి ఆ రొట్టెను నా ముందుకు చాపింది. "తిను," అంది. అచ్చం అవ్వ గొంతు.

నేను కదలలేదు. తింటే ఏమిటో నాకు ఇప్పుడు వివరంగానే తెలుసు. తింటే రేపు ఈమె పోయిన రోజు చుట్టాలందరి ముందు, తమ్ముడి ముందు, ఈ రాతికి ఎదురు నిలబడి, నుదుట కుంకుమ పెట్టి, గాజులు వేసి, ఒడి నింపవలసింది నేనే. చనిపోయాడని నేను గట్టిగా నమ్మే మనిషి పేరున. తినకపోతే ఆమె ఈ చోటే కూలిపోతుంది. తమ్ముడు నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. బాపు కళ్లే. చిన్నమ్మ చూపు రొట్టె మీద లేదు, నా నోటి మీద ఉంది.

గద్దె అంచు మీద కూర్చుని, ఒక తుంపు విరిచి నోట్లో పెట్టుకున్నాను. చల్లారి బిరుసెక్కింది. నాకు ఎడమ వైపు దవడ పళ్లు లేవు. నమిలాను, గొంతు దిగలేదు, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే మళ్లీ నమిలాను. తమ్ముడు గేటు వైపు వెళ్లిపోయాడు. చిన్నమ్మ నా పక్కనే కూలబడి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఉరకకు, మెల్లగ తిను బిడ్డా," అంది. "శానా దినాల సంది ఉపాసమున్నడు."